మునిరత్నంగారికి మిగిలిన ఒక్క మాట

దెయ్యాల గురించి ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. మా అమ్మ చిత్తూరులో నర్సుగా ముప్పై ఏళ్లు పనిచేసింది. రాత్రి డ్యూటీలు, శవాల గది తాళాలు, ప్రాణం పోతున్నవాళ్ల పక్కన కూర్చోవడం, అన్నీ ఆమెకు అలవాటే. ఏదో కనిపించిందని ఒక్కసారి కూడా చెప్పలేదు. పోయినవాళ్లకు మనతో ఏం పని ఉంటుందని నవ్వేసేది. ఆ నవ్వు చూస్తూ పెరిగినదాన్ని.

పైగా నా వృత్తి కూడా అలాంటిదే. నేను స్పీచ్ థెరపిస్టును. తిరుపతిలో ఉంటాను. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి, మళ్లీ మాట్లాడటం నేర్పిస్తాను. గాలి సోకిందని, ఎవరో పూనారని జనం అనుకునేవి చాలా చూశాను. చంద్రగిరిలో ఒక రిటైర్డ్ టీచరుగారికి ఏం అడిగినా "సోమవారం" అన్న మాట ఒక్కటే వచ్చేది. ఇంకొకావిడకు కూతురి పేరు కూడా నోటికి రాదు గానీ పదమూడో ఎక్కం గడగడా అప్పజెప్పేది. వీటన్నిటికీ మెదడులో కారణాలు ఉన్నాయి. వాటిని కుటుంబానికి అర్థమయ్యేలా చెప్పడం నా పనిలో సగం.

అందుకే ఇది ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెడితే నాకే కాస్త తేలికవుతుందని రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

మునిరత్నంగారి కూతురు హేమ నాకు ఫోన్ చేసింది. వాళ్లది తిరుచానూరు. అమ్మవారి గుడికి వెళ్లే దారిలో, పూలు కట్టే వాళ్ల ఇళ్ల వెనక చిన్న సందులో ఇల్లు. మునిరత్నంగారికి అరవై దాటాయి. ఒకప్పుడు చంద్రగిరి అవతల పల్లెలో సేద్యం చేసేవారు. భూమి అమ్ముకుని వచ్చి, లాడ్జీలకు పూలదండలు సరఫరా చేస్తూ స్థిరపడ్డారు. పక్షవాతం వచ్చి అప్పటికి రెండు నెలలైంది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ అసలు నోరు మెదపలేదట. ఇంటికి వచ్చిన మూడో రోజు మాట్లాడారు. ఆ రోజు నుంచి అదే మాట.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. మూతి ఒక పక్కకు వంగి ఉంది. నమస్కారం పెట్టి నా పేరు చెప్పాను. ఆయన నా వైపు చూసి, స్పష్టంగా, ఒక్క అక్షరం తడబడకుండా అన్నారు:

"నేను సెప్పేదాకా ఎయ్యొద్దురా."

హేమ ఇబ్బందిగా నవ్వింది. "మిమ్మల్ని కూడా రా అనేసినాడు మేడమ్. ఏమనుకోవద్దండి. పొద్దున లేస్తే ఇదే. అరిగిపోయిన రికార్డు మాదిరి."

ఆ మాట నాకు ప్రతి ఇంట్లోనూ వినపడుతుంది. గ్రామఫోన్ రికార్డు మీద గీత అరిగిపోతే సూది ముందుకు పోలేక, అక్కడే తిరుగుతూ అదే ముక్క మళ్లీ మళ్లీ పాడుతుందట. నేను గ్రామఫోన్ పాడగా విన్నది లేదు. హేమ అసలే విని ఉండదు. అయినా చెప్పిందే చెప్పేవాళ్లెవరైనా మనకు అరిగిపోయిన రికార్డే. లెక్చరర్ని పిల్లలంటారు, అత్తని కోడలంటుంది. యంత్రం పోయింది, మాట మిగిలింది.

రోగుల విషయంలో మాత్రం ఆ పోలిక నాకు గిట్టదు. వాళ్లకు వినపడదన్నట్టు ఎదురుగానే అంటారు. పైగా అది తప్పు కూడా. రికార్డుకు చెప్పాలనే ఆరాటం ఉండదు. రోగికి చెప్పాలనుకునేవి వంద ఉంటాయి, బయటికొచ్చేది ఒకటి. ఆ ఒక్కదాన్నే కోపంగా, బతిమాలుతూ, నవ్వుతూ అంటారు. టీచరుగారి "సోమవారం" వినగానే అది ఆకలో, విసుగో ఆయన భార్య చెప్పేసేది. ఇదంతా హేమకు వివరించాను. ఆమె తల్లి సరోజమ్మ గుమ్మంలో కూర్చుని మల్లెపూలు కడుతూ వింది.

తర్వాతి రెండు వారాలు ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవాలని చూశాను. దారి దొరికితే దాన్నుంచే వేరే మాటలు లాగవచ్చు. తెలుగులో "వెయ్యడం" అంటే ఒకటా? అన్నం వేస్తాం, తలుపు వేస్తాం, మాత్ర వేస్తాం, దండ వేస్తాం. ఒక్కొక్కటి చేసి చూపించాను. అన్నానికీ, తలుపుకూ, మాత్రకూ అదే జవాబు. లాడ్జీల్లో పటాలకు దండలు వేయించేటప్పుడు పనివాళ్లతో అలా అనేవారేమో అని హేమ ఊహ. నాకూ అదే సబబుగా తోచింది.

అయితే ఒక తేడా కనిపించింది. ఆయన ఏ స్థితిలో ఉన్నా ఆ వాక్యం మారేది కాదు. ఒకసారి కాలు మంచంకోడుకు కొట్టుకుని కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడూ అదే గొంతు, అదే నిదానం. దగ్గినా, మూలిగినా వంకర మూతి వల్ల శబ్దం ముద్దగా వచ్చేది. ఆ వాక్యం మాత్రం ముద్దగా వచ్చేది కాదు. పడుచువాడి గొంతులా ఖంగుమనేది.

ప్రతి క్లాసునూ నేను ఫోన్‌లో రికార్డు చేస్తాను. ఇంటికి వచ్చాక లాప్‌టాప్‌లో వేసి, ఎన్ని మాటలు వచ్చాయి, ఒక్కో మాటకు ఎంత సేపు పట్టింది అని రాసుకుంటాను. మునిరత్నంగారి నోట్సు తిరగేస్తుంటే ఐదు క్లాసులకూ ఆ వాక్యం పక్కన ఒకే అంకె ఉంది. రెండున్నర సెకన్లకు కాస్త ఎక్కువ. ఒకే ఫైలును ఐదుసార్లు కొలిచానేమో అనుకున్నాను. మళ్లీ తీసి చూశాను. ఫైళ్లు వేరే. ఒకదాంట్లో సందులో కూరల బండివాడి మైకు ఉంది, ఇంకోదాంట్లో కుక్కరు కూత ఉంది.

లాప్‌టాప్‌లో గొంతును గీతలుగా చూపించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఐదు వాక్యాల గీతలూ ఒకదాని కింద ఒకటి పెట్టాను. నా కళ్లను నేను నమ్మలేదు. ఒక ఎత్తూ ఒక పల్లమూ తేడా లేదు. ఏ మనిషీ ఒక వాక్యాన్ని రెండుసార్లు అచ్చంగా ఒకేలా అనలేడు. మీ పేరు మీరు రెండుసార్లు చెప్పి కొలిచినా తేడా తెలుస్తుంది.

ఇంకొకటి కూడా ఉంది. కుక్కరు కూత రికార్డయిన క్లాసులో, ఆయన వాక్యం మొదలవగానే కూత టక్కున ఆగిపోయింది. వాక్యం అవగానే మళ్లీ నడుమ నుంచి అందుకుంది. ఆ రోజు గదిలో నేనే ఉన్నాను. కూత ఆగలేదని నాకు బాగా గుర్తు. వినపడక రెండోసారి అనిపించాలా అని కూడా అనుకున్నాను. ఆ రెండున్నర సెకన్లలో ఫ్యాను శబ్దం కూడా లేదు. దాని బదులు ఏదో డొల్ల ఉంది, కుండలో తల పెట్టి వింటే వచ్చేలాంటిది. "ఎయ్యొద్దురా" అవగానే చివర్లో పావురం రెక్కలు కొట్టుకున్నట్టు ఒక చప్పుడు. ఐదింటిలోనూ ఉంది.

మా పిన్ని కొడుకు తిరుపతిలో భక్తి పాటలు రికార్డు చేసే స్టూడియోలో పనిచేస్తాడు. పేషెంట్ పేరు చెప్పకుండా ఐదింటినీ వాక్యం వరకు కత్తిరించి వినిపించాను, కూత సంగతి నోటితో చెప్పాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పదిసార్లు విన్నాడు. కూత ఆగిపోవడం పెద్ద విషయం కాదన్నాడు. గొంతు వినపడగానే ఈ కాలం ఫోన్లు చుట్టుపక్కల శబ్దాలను వాటంతట అవే తగ్గిస్తాయట. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ వెంటనే, ఈ ఐదూ ఒకే రికార్డింగుకు కాపీలు కదా అని అడిగాడు. కాదన్నాను. "కాదంటే నేను నమ్మనక్కా. ఇది ఒక్కసారే చెప్పిన మాట. అదీ గదిలో చెప్పింది కాదు, లోతుగా ఉండే చోట" అని హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు.

ఆ తర్వాత నేను సరోజమ్మను గమనించడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆమె కంచంతో ఆయన ఎదుట కూర్చునేది. గరిటె చేతిలో పట్టుకుని ఊరికే చూస్తూ ఉండేది. ఆయన ఆ మాట అన్నాకే వడ్డించేది. అనకపోతే కూర్చునే ఉండేది. ఒకరోజు ఒంటిగంటన్నర దాకా ఆయన పలకలేదు. ఆమె కదల్లేదు. వడ్డించమని నేనే చెప్పాల్సి వచ్చింది. నా వైపు ఒక చూపు చూసి వడ్డించింది.

క్లాసు జరుగుతున్నంతసేపూ గుమ్మంలోనే ఉండేది. ఒకరోజు గ్లాసు చూపించి పదే పదే పలికిస్తే, ఆయన పెదవులు వణుకుతూ "నీ... నీ..." అన్నాయి. కొత్త శబ్దం రావడం అదే మొదలు. హేమ సంతోషంతో నా చేయి పట్టుకుంది. సరోజమ్మ మొహంలో ఏమీ లేదు. నేను బయల్దేరేటప్పుడు గేటు దాకా వచ్చి నెమ్మదిగా అడిగింది.

"కొత్త మాటలొస్తే పాతది పోతాదా అమ్మా?"

పోతుంది, మంచిదే కదా అన్నాను. తల ఊపి లోపలికి వెళ్లిపోయింది. స్కూటర్ నడుపుతున్నంతసేపూ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

తర్వాతి వారం మునిరత్నంగారి చెల్లెలు విజయమ్మ నాయుడుపేట నుంచి వచ్చింది. ఆస్పత్రిలో చూసి వెళ్లాక మళ్లీ రావడం అదే. ఆయన నిద్రపోతున్నారు. లేచేదాకా వరండాలో కూర్చుని, ఆమెతో కాసేపు మాట్లాడి, ముందురోజు రికార్డింగు రాసుకుందామని ఫోన్‌లో పెట్టాను. ఇయర్‌ఫోన్స్ మర్చిపోయి వచ్చాను. "నేను సెప్పేదాకా ఎయ్యొద్దురా" అని ఫోన్ పలికింది.

విజయమ్మ చేతిలో ఉన్న బత్తాయి కిందపడింది.

"ఇది మీకు యాడిది?" అంది.

మీ అన్నగారిదే, నిన్న చెప్పింది అన్నాను. ఆమె అడ్డంగా తల ఊపింది. "చిన్నన్నది కాదు. మా పెద్దన్న గొంతిది. చెంగల్రాయన్నది." మళ్లీ పెట్టమంది. పెట్టాను. ఈసారి చెవి దగ్గరికి వంగి వింది. చెంగల్రాయుడుగారు పోయి నలభై ఏళ్లు దాటింది. వాళ్ల ఊళ్లో అప్పుడు ఎవరింట్లోనూ టేపు రికార్డరు లేదట. ఫొటో కూడా ఒక్కటే ఉందట.

ఎలా పోయారని అడిగాను. ఆమె చెప్పింది ఇంత. బావిలో మోటారు వైరు తెగితే అతకడానికి చెంగల్రాయుడు లోపలికి దిగాడు. పైన మోటారు రూములో స్విచ్ దగ్గర మునిరత్నం ఉన్నాడు. పందొమ్మిదేళ్లవాడు. అతకడం అయిపోయిందనుకుని అన్న పైకి కేకేశాడు, వెయ్యమన్నాడు. తమ్ముడు స్విచ్ వేశాడు. అన్న చేయి ఇంకా వైరు మీదే ఉంది. పొరపాటు పోయినవాడిదే అని ఊరంతా అనుకుంది. తమ్ముడు ఆరునెలలు మనిషి కాలేదు. విజయమ్మ ఆ రోజు బడిలో ఉంది.

చెబుతూ చెబుతూ ఆగిపోయింది.

"ఎయ్యొద్దంటాండాడే," అంది మెల్లగా. "ఎయ్యమన్నాడని కదా మాకు చెప్పినారు."

అప్పుడే సరోజమ్మ కాఫీ తెచ్చింది. విజయమ్మ కొంగుతో మొహం తుడుచుకుని బత్తాయి వెతికే నెపంతో వంగింది. ఆ సాయంత్రమే ఊరికి వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది.

రెండు రోజులకు నేను వెళ్లేసరికి హేమ ఇంట్లో లేదు. సరోజమ్మ నన్ను వరండాలోనే ఆపి కూర్చోమంది. విజయ తనతో ఏమీ అనలేదనీ, మొహం చూసి తనే గ్రహించిందనీ చెప్పింది. పూల దారం చేతిలోనే ఉంది. వేళ్లు ఆగలేదు.

"నాకు మొదటి రోజే తెలుసమ్మా. ఎనిమిది నెలలు కాపరం చేసినా ఆ గొంతుతో."

ఒక నిమిషం నాకు అర్థం కాలేదు. ఆమె అర్థమయ్యేలా చెప్పింది. ఆమెను ముందు చెంగల్రాయుడికిచ్చి పెళ్లి చేశారు. ఆయన పోయిన రెండో ఏట పెద్దలు కూర్చుని చిన్నవాడికి కట్టబెట్టారు. మా చిత్తూరు వైపు అలాంటివి అరుదు. పిల్ల మంచిది, ఎక్కడికని పంపిస్తామని మామగారే పట్టుబట్టాడట. హేమకు ఈ సంగతి తెలియదు. పెదనాన్న ఒకాయన బావిలో పడి పోయాడని మాత్రం తెలుసు.

మీరు ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఏమని చెప్పేది? హేమ రికార్డు రికార్డు అంటాది. రికార్డు అరిగినా పాడేది పాడినోడి గొంతే కదా. నలభై ఏండ్లకు వినబడినాడు. ఇంకా నాలుగు దినాలు విందామని గమ్మునుండినా."

నేను లోపలికి వెళ్లలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చేశాను. అది అబద్ధం కాదు.

వారం రోజులు వాళ్లింటికి పోలేదు. నన్ను భయపెట్టింది గొంతు కాదు. ఆ మంచం మీద మనిషి తనంతట తాను మంచినీళ్లు కూడా తాగలేడు. ఆయన తినే ముద్ద, మింగే మాత్ర అన్నీ ఆమె చేతిలో ఉన్నాయి. ఆమె ఏం వింటున్నదో ఆయనకు తెలుసా? తన నోటి నుంచి వస్తున్నది ఆపలేక రోజుకు ఇరవైసార్లు ఆమె ముందు అదే చెప్పుకుంటున్నాడా? హేమకు చెప్పేయాలని రెండుసార్లు ఫోన్ తీశాను. ఏమని చెప్పాలో తెలియక పెట్టేశాను.

సరోజమ్మే ఫోన్ చేసింది. ఒక్కసారి రమ్మంది.

వెళ్లాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, వెళ్లగానే కిటికీలో ఉన్న బీపీ మాత్రల అట్ట తీసి ఎన్ని వాడారో లెక్కపెట్టాను. రోజుకొకటి చొప్పున సరిగ్గా ఉన్నాయి. వెనక్కి తిరిగితే ఆమె చూస్తోంది.

మధ్యాహ్నం పన్నెండున్నర. ఎండ గది మధ్య దాకా వచ్చింది. కంచంలో అన్నం, పప్పు పెట్టుకుని ఆయన ఎదుట కూర్చుంది. నన్ను పక్కన కూర్చోమంది. ఫోన్ ఆపేయమంది. ఆపేశాను.

ఆయన ఆమెను చూసి ఆ మాట అన్నారు. ఎప్పటిలాగే ఖంగుమని.

"అది ఆయన మాట," అంది సరోజమ్మ. "నీది చెప్పు."

ఆయన మళ్లీ అదే అన్నారు. ఈసారి ఆమె ఇంకా నెమ్మదిగా అడిగింది. "ఆయన ఎయ్యమన్నాడా, ఎయ్యొద్దన్నాడా?"

ఆయన కళ్లు నా వైపు తిరిగాయి. ఆ చూపు నేను మర్చిపోలేను. ఆయనకు అంతా అర్థమవుతోంది. మొదటి రోజు నుంచీ అంతా అర్థమవుతోంది. నేను చేయగలిగింది నాకు తెలిసిన పని ఒక్కటే. ఆయన ఎడమ చేయి పట్టుకుని, క్లాసులో చేసినట్టే ఒక్కో అక్షరానికీ మెల్లగా తట్టాను. నోరు తెరుచుకుంది. ఏమీ రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి. బయట ఎవరో పూలబుట్ట దించి మాట్లాడుకుంటున్నారు, ఆ మాటలన్నీ వినపడుతున్నాయి.

"నే... నే... ఏ... సినా."

ముద్దగా, ఉమ్ము కారుతూ, ముసలి గొంతుతో. ఆయన సొంత గొంతులో మాట వినడం నాకు అదే మొదలు. ఇంకోసారి ఊపిరి తీసుకున్నారు.

"వ... ద్దన్నా... డు. ఏ... సినా."

ఎందుకు వేశారో ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. తొందరపడ్డారో, సరిగా వినపడలేదో, ఇంకేదైనా ఉందో నాకు తెలియదు. ఆయన ఎడమ కంట్లో నుంచి నీళ్లు కారి గడ్డం మీదికి వచ్చాయి.

సరోజమ్మ లేచి పెరట్లోకి వెళ్లింది. కొళాయి తిప్పిన శబ్దం, చాలాసేపు నీళ్లు పోతున్న శబ్దం వచ్చాయి. ఆమె తిరిగి రాదనుకున్నాను. వచ్చింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుని, అన్నం కలిపి, ముద్ద చేసి ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన నోరు తెరవలేదు.

"తిను," అంది. "ఇంగెవరూ చెప్పేది లేదు."

ఆయన తిన్నారు.

ఆ వాక్యం ఆయన నోట మళ్లీ రాలేదు. ఏ గొంతుతోనూ రాలేదు. నాలుగు రోజుల్లో "నీళ్లు", "హేమ", "చాలు" వచ్చాయి. నెల తిరిగేసరికి ముప్పై మాటల దాకా చెప్పగలిగారు. అన్నీ ముద్దగానే. వాటిని కొలిచాను. ఏ రెండూ ఒకేలా లేవు, ఉండకూడదు కూడా.

ఆ నెలలోనే ఒకరోజు సరోజమ్మ నా ఫోన్‌లో ఆ గొంతు ఇంకా ఉందా అని అడిగింది. పదకొండు క్లాసులవి ఉన్నాయన్నాను. వరండాలో కూర్చుని వరసగా పదకొండూ వింది. ఆఖరిది అయ్యాక ఫోన్ నా చేతిలో పెట్టి, "ఇంత చిన్న వయసు గొంతు" అంది.

నాకు తెలిసిన చదువుతో దీన్ని వివరించడానికి చాలా ప్రయత్నించాను. ఒక మనిషి నలభై ఏళ్లు ఒకే వాక్యాన్ని లోపల వింటూ బతికితే, మిగతా మాటలన్నీ పోయినా అది మిగలవచ్చు. ఇది నేను నమ్ముతాను. విన్న గొంతులోనే దాన్ని అనుకరించాడేమో, అదీ ఒప్పుకుంటాను. కుక్కరు కూత ఫోన్ మింగేసిందనుకుంటాను. ఏదీ తెలియని విజయమ్మ గుర్తుపట్టింది కదా అంటే, అన్నదమ్ముల గొంతులు కలుస్తాయి అని నాకు నేనే చెప్పుకుంటాను. కానీ పదకొండు రోజులు, పదకొండుసార్లు, వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక పక్షవాతం మనిషి నోట అది ఎలా వచ్చిందో, బావిలో రెక్కలు కొట్టుకున్న పావురం తిరుచానూరు సందులోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. మైసూరులో నాకు పాఠం చెప్పిన మేడమ్‌కు రాశాను. ఫైళ్లు పంపమన్నారు. పంపలేదు. వేరేవాళ్లు వినడం ఎందుకో నాకు ఇష్టం లేకపోయింది.

పోయిన నెల హేమ ఫోన్ చేసింది. నాయన ఇప్పుడు చిన్న చిన్న వాక్యాలు మాట్లాడుతున్నాడని, సాయంత్రం పూట అమ్మా నాయనా వరండాలో కూర్చుంటున్నారని సంతోషంగా చెప్పింది. నాయన మొదటిసారి సొంతంగా మాట్లాడిన రోజు రికార్డింగు ఉంటే పంపమని అడిగింది. ఆ రోజు ఫోన్ ఆపేశాను, లేదన్నాను. అది నిజం. పోనీ పాతవైనా ఉన్నాయా, ఆ అరిగిపోయిన రికార్డు, గుర్తుగా పెట్టుకుంటానంది.

అవి చెరిపేశానని అబద్ధం చెప్పాను. పదకొండూ నా లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. చెరపాలని ఎన్నిసార్లు తెరిచానో. వాటి మీద హక్కు హేమదో, సరోజమ్మదో, ఆ మాట అన్నవాడిదో నాకు ఇప్పటికీ తేలలేదు.